ఫో, ఫోర్, ఫిక్, ఫొత్: 40 కార్డుల్లో 10 తప్పులు

స్వీడిష్ మొదలుపెట్టి ఇది 23వ వారం. ఈ వారం కూడా ‘ఫో’ క్రియ (వర్తమానంలో ‘ఫోర్’, భూతకాలంలో ‘ఫిక్’) దగ్గరే ఇరుక్కుపోయాను.

ఆదివారం నాతో స్వీడిష్ మాట్లాడే, స్వీడన్‌లోని ఉప్సాలా పెద్దావిడతో వీడియో కాల్. శుక్రవారం వానకి రోడ్లు మునిగి ఇంట్లోంచే పని చేయాల్సి వచ్చిందని చెప్పబోయి ‘యా ఫిక్ యొబ్బ హెమ్మ’ అన్నాను. ఏడుపు మొహం పెట్టుకునే అన్నాను. ఆవిడ మాత్రం ‘వా షోన్త్!’ అంది. అంటే ‘ఎంత హాయి!’ అని. ఆఫీసువాళ్ళు దయతలచి నన్ను ఇంట్లో ఉండనిచ్చారని ఆవిడకి అర్థమైంది. వ్యాకరణం తప్పా అంటే కాదు, వాక్యం శుద్ధంగా ఉందట. ఆ ఒక్క ‘ఫిక్’కి రెండు అర్థాలూ ఉన్నాయి: చేయనిచ్చారు, చేయాల్సి వచ్చింది.

పట్టుదల వచ్చి సోమవారం 40 వాక్యాలు ఆంకీలో (కార్డులతో బట్టీ పట్టించే యాప్) పెట్టాను. ముందూ వెనకా ఏమీ లేని ఒంటి వాక్యాలు కాదు, ఒక్కో దానికి చిన్న సందర్భం కూడా జోడించాను. ‘అందడం, రావడం’ అర్థంలో 12: అన్నీ ఒప్పు. ‘హూన్ ఫిక్ మెయ్ అత్ స్క్రత్త’ (నన్ను నవ్వించింది) తరహావి 6: అన్నీ ఒప్పు, మన ‘ఇంచు’ ఉండగా దిగులేముంది. ‘ఫిక్ వేత’ (తెలిసింది) లాంటివి 6: ఒకటి తప్పు. ఇక అనుమతా, తప్పనిసరా తేల్చాల్సినవి 16. వాటిలో 9 తప్పు!

ఆ 16నీ విడదీశాను. వర్తమానంలో ‘దూ ఫోర్...’ అని మొదలయ్యేవి 8, తప్పినవి 3. భూతకాలంలో ‘యా ఫిక్...’ అనేవి 8, తప్పినవి 6. ఆ ఆరూ ఒకే వైపు తప్పాయి. అనుమతి ఇచ్చారని చెప్పే వాక్యాలన్నిటినీ నేను ‘చేయాల్సి వచ్చింది’ అనే చదివాను. ఇది కేవలం మరుపైతే తప్పులు అటూ ఇటూ పడాలి కదా? ఇలా ఒకే గుంటలో ఎందుకు పడుతున్నట్టు?

మొదట నా అనుమానం ఉచ్చారణ మీదకి పోయింది, విన్నప్పుడు ఏదో ఒత్తు జారిందేమో అని. ఆడియో తీసేసి చదివి చూసినా అవే ఆరు తప్పాయి. కాబట్టి చెవి తప్పు కాదు.

బుధవారం టీ పెట్టుకుంటుంటే తట్టింది. నేను ‘ఫో’ని లోపల్లోపల మన ‘వచ్చు’తో పట్టుకుంటున్నాను. మరి ఎంత బాగా కుదురుతుందో చూడండి. ఉత్తరం వచ్చింది: ఫిక్ ఎత్ బ్రేవ్. జ్వరం వచ్చింది: ఫిక్ ఫేబెర్. ఆలోచన వచ్చింది: ఫిక్ ఎన్ ఇదే. నువ్వు వెళ్లొచ్చు: దూ ఫోర్ గో. ఆగాల్సి వచ్చింది: ఫిక్ వెన్త. రావడం, అనుమతి, తప్పనిసరి మూడూ ఒకే క్రియలో ఇమిడిపోయాయి! నేను వాడే యాప్‌లో దీనికి ఇచ్చిన అర్థం ‘పొందు’ ఒక్కటే. ఉత్తరం పొందానని ఇంట్లో ఎవరంటారు?

చిక్కల్లా ఇక్కడే. ‘వెళ్లొచ్చు’కి తెలుగులో భూతకాలం లేదు. నిన్న నన్ను వెళ్ళనిచ్చారు అంటాం, అంటే ‘వచ్చు’ని వదిలేసి ‘ఇచ్చు’ వైపు దూకుతాం. స్వీడిష్‌వాడు అనుమతి పుచ్చుకున్నవాడి వైపే నిలబడి ‘ఫిక్’ అంటాడు. నా బుర్రకి భూతకాలంలో ‘వచ్చు’తో దొరికేది ‘ఆల్సి వచ్చింది’ ఒక్కటే కనుక అన్నిటినీ అందులో కుక్కేసింది. ఆరు తప్పులూ ఒకే వైపు పడడానికి నాకు తోచిన కారణం ఇదే.

ఇప్పుడు వాడుతున్న చిట్కా: ఆ పని ఆ మనిషికి ఇష్టమా కాదా అని చూడడం. ‘ఒంట్లో బాగాలేదు, యా ఫిక్ గో హెమ్’ అంటే ఇంటికి పోనిచ్చారు. ‘బస్సు రాలేదు, యా ఫిక్ గో హెమ్’ అంటే నడుచుకుంటూ పోవాల్సి వచ్చింది. ‘ఇన్తె’ (కాదు, లేదు) చేరిందంటే బతికిపోయాం, ‘ఫిక్ ఇన్తె గో’ అంటే వెళ్ళనివ్వలేదనే. నేను చెప్పేటప్పుడు అనుమానం లేకుండా ఉండాలంటే ‘యా వార్ త్వుంగెన్ అత్...’ (నాకు తప్పలేదు) అనేస్తున్నాను. కాస్త బరువుగా ఉంటుంది కానీ ఎవరూ ‘ఎంత హాయి’ అనరు. గురువారం అవే 16 మళ్ళీ చేస్తే తప్పులు 9 నుంచి 4కి దిగాయి.

‘వచ్చు’ని గుడ్డిగా నమ్మినా మునుగుతాం. ‘నాకు స్వీడిష్ వచ్చు’, ‘వాన రావచ్చు’ రెండూ ‘కన్’ అనే వేరే క్రియతోనే చెప్పాలి. రెండు చోట్లా ‘ఫోర్’ పెట్టి అక్షింతలు వేయించుకున్నాను. పైగా ‘ఫోర్’ అంటే గొర్రె కూడా. ‘ఫోర్ ఫోర్ ఫోర్?’ (గొర్రెకి గొర్రె పుడుతుందా?) అని అక్కడి పిల్లల పొడుపు. గొర్రెకి పుట్టేది గొర్రెపిల్లట.

నిఘంటువుల్లో స్వీడిష్ అకాడమీ సైట్‌లో ఉచితంగా దొరికే ‘ఎస్ఓ’ చాలు. అదే సైట్‌లోని పెద్దది, ‘ఎస్ఏఓబీ’, పూర్తవడానికి వందేళ్ళు దాటి 2023లో ముగిసింది. నాలాంటివాడు అందులో దిగితే పైకి తేలడు.

తర్వాత డేనిష్ వైపు తొంగిచూద్దామనుకున్నాను గానీ, అక్కడ లోపలికి రావచ్చా అని అడగడానికి ‘మో’ వాడతారు, అదే ‘మో’కి నార్వేలో ‘తప్పక చేయాలి’ అని అర్థం. ఇప్పుడు అది కూడా కలిపితే ఉన్నదీ పోతుంది. ఐస్‌లాండిక్ మాత్రం ఊరిస్తోంది, అక్కడ ఇదే క్రియ రూపాలు: ‘ఫౌ, ఫ్యెహ్క్, ఫెంగుమ్’. అక్కడ ‘ఫ్యెహ్క్ ఎహ్కి సోవిద్’ అంటే నిద్రపోలేకపోయానని.

అది డిసెంబరుకి. ముందు ఈ ఆదివారం ఏ సందర్భమూ చెప్పకుండా ‘యా ఫిక్ గో హెమ్’ అని ఊరుకుంటాను. పెద్దావిడ అయ్యో అంటుందో, మళ్ళీ ‘వా షోన్త్’ అంటుందో వచ్చే వారం రాస్తాను.