ఈడెన్ పైకప్పు కింద

లండన్‌లోని పాడింగ్టన్‌లో ఎక్కిన రైలు నాలుగున్నర గంటలకు మమ్మల్ని సెయింట్ ఆస్టెల్‌లో దింపింది. కార్న్‌వాల్‌లో పింగాణీ మట్టి తవ్వి వదిలేసిన గుంతలో 2001లో తెరిచిన గోపురాల తోట ఈడెన్ ప్రాజెక్టుకు మా అమ్మాయి చెట్ల కోసం బయలుదేరితే, నేను పైకప్పు కోసం వెళ్ళాను. ఇరవై ఏళ్ళుగా జీడిమెట్లలో పాలిథిన్ ఫిల్ము తీసేవాడి చూపు షీటు మీదికే పోతుంది మరి.

వర్షారణ్యపు గోపురంలో అడుగు పెట్టగానే కళ్ళజోడు మసకబారింది. కోనసీమ ఉక్కపోతే అది, అరటి ఆకులతో సహా. వేలాడే మెట్లెక్కి పైకి చేరాక ఆరు పలకల దిండ్లు స్పష్టంగా కనిపించాయి: పలుచని ఫిల్ము మూడు పొరలు, వాటి మధ్య గాలి. అంతే వైశాల్యమున్న అద్దంతో పోలిస్తే ఈ ఫిల్ము బరువు నూటికి ఒక పాలు కూడా ఉండదంటారు. బయట వాన మొదలైతే ఆ దిండ్లు డప్పుల్లా మోగాయి.

చేవెళ్ళ దగ్గర మా బావమరిది పాలీహౌస్‌కు వేసిన షీటు నాలుగో ఎండాకాలానికి పెళుసెక్కి చిరిగింది. ఎండకు తట్టుకునే మందు మేము పాలిథిన్‌లో కలుపుతాము కానీ అది ఏటేటా ఖర్చయిపోతుంది. ఇక్కడి ఫిల్ములో ఆ రక్షణ పాలిమర్ గొలుసులోనే, అంటే చిన్న అణువులు వరుసగా కలిసి కట్టిన గొలుసులోనే ఉంది. పాలిథిన్‌కు మూలమైన ఇథిలీన్ అణువుల మధ్య టెట్రాఫ్లోరోఇథిలీన్ అనే మోనోమర్‌ను (గొలుసులో పూస లాంటి చిన్న అణువును) దాదాపు ఒకటి విడిచి ఒకటిగా కూర్చడంతో, కార్బన్–ఫ్లోరిన్ బంధాల బలం వల్ల సూర్యుడి అతినీలలోహిత కిరణాలు ఫిల్మును దెబ్బతీయకుండా చాలావరకు దాటిపోయి మొక్కలకు అందుతాయి. పూర్తిగా ఫ్లోరిన్ మోనోమర్‌తోనే చేస్తే అది టెఫ్లాన్ అవుతుంది. కరిగినా పారదు కనుక మా యంత్రాల్లాంటి వాటిలో ఫిల్ముగా రాదు. ఇథిలీన్ వచ్చి ఆ మొండితనాన్ని విరిచి, 270 డిగ్రీల సెల్సియస్ లోపే కరిగి పారేలా చేసింది.

అయినా ఈ రెండింటి జంట బాగా వేడెక్కి, లాగుడు తగిలితే పగులుతుంది. గొలుసులు మరీ క్రమంగా సర్దుకొని స్ఫటికాలు కట్టడమే కారణం. అందుకే పెర్‌ఫ్లోరోబ్యుటైల్ ఇథిలీన్ వంటి మూడో మోనోమర్‌ను కొద్దిగా చేరుస్తారు. దాని బరువైన కొమ్మ గొలుసుల మధ్య అడ్డుపడి ఆ సర్దుబాటును చెడగొడుతుంది. పప్పులో ఇంగువంత చేర్పు ఇంత పని చేయడం నాకు ఆ వృక్షజాలమంతటి కన్నా పెద్ద వింతగా తోచింది. మా అమ్మాయి ఒప్పుకోలేదు.

పైనుంచే ఫొటో తీసి బావమరిదికి పంపాను.

“ఎకరానికి ఎంతయితది బావా?” అని వెంటనే అడిగాడు.

ఉజ్జాయింపుగా ఒక ధర చెప్పాను. చాలాసేపు జవాబు లేదు. మేము బస్సెక్కాక, వచ్చేటప్పుడు షీటు చిరుగులకు అతికించే టేపు రెండు రోల్స్ తెమ్మని రాశాడు.