విదేశాల నుంచి వచ్చి అనంతపురంలో కంప్యూటర్ పార్టులు ఆర్డర్ పెట్టేవాళ్లకు

ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవాసంస్థలో సేవకు వచ్చే స్పెయిన్ వాళ్లయినా, సెలవులకు వచ్చిన ఎన్నారైలైనా ఇరుక్కునేది డబ్బు కట్టే దగ్గరే. సైట్లు ఎక్కువగా పది అంకెల ఇండియా నంబరే అడుగుతాయి, విదేశీ కార్డు తరచూ ఫెయిలవుతుంది. పదేపదే నొక్కితే అక్కడి బ్యాంకు కార్డునే ఆపేయొచ్చు. ఇక్కడి ఇంటివాళ్ల నంబరుతో పెట్టి, క్యాష్ ఆన్ డెలివరీ ఉంటే అదే ఎంచుకోవడం మేలు. డెలివరీ ఓటీపీ ఆ ఫోన్‌కే వస్తుంది కాబట్టి సరుకు వచ్చే రోజు ఆ ఫోన్ ఇంట్లో ఉండాలి. అడ్రసులో ‘టవర్‌క్లాక్ దగ్గర, 515001’ అని వదిలేయకండి, సగం ఊరు అక్కడే ఉంది! సందు, ఎదురుగా ఉన్న కొట్టు రాయండి.

ల్యాప్‌టాప్ ర్యామ్ కొనేముందు వెనక మూత విప్పి పాతదాని స్టిక్కర్ చదవండి. డీడీఆర్4 రకం ర్యామ్‌కు 260 పిన్నులు, దాని తర్వాతి రకం డీడీఆర్5కు 262. గాడి చోటు వేరు, ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి దిగదు. కొన్ని మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, అప్పుడు కొనడమే దండగ. ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే డ్రైవ్) మీద ఎం.2 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు, అంతే. అది ల్యాప్‌టాప్‌తో మాట్లాడే పద్ధతి సాటా (SATA) రకమా, ఎన్‌వీఎంఈ (NVMe) రకమా అన్నది విడిగా చూసుకోవాలి.

సరుకు వచ్చాక పెట్టె విప్పేటప్పుడు, రుజువు కోసం, సీలు నుంచి సీరియల్ నంబరు దాకా ఆపకుండా వీడియో తీయండి. వారంటీ చాలావాటికి ఇండియాలోనే చెల్లుతుంది, అందుకే బిల్లు ఇక్కడివాళ్ల పేరున ఉండాలి.