మూడోది మిస్ కొడుతోంది

"ఇక్కణ్ణుంచి వెళ్ళిపోవాలని మొక్కుకున్నది నువ్వు. నేనెందుకు తిరగాలి?"

మా పదిహేనేళ్ళవాడు ఇంగ్లీషులో ఈ మాట అనేసి, సీటు ఎత్తి దాని కిందున్న ఇంజన్‌లోకి మళ్ళీ తల దూర్చాడు. నేను పంచె కట్టుకుని ఉప్పల్‌లో అన్నయ్య టెంట్‌హౌస్ ముందు నిలబడ్డాను. 2006లో వీసా కోసం చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేశాను. కోరిక తీరాక 108 చేయాలి. వచ్చిన ప్రతిసారీ పెళ్ళో, ఎండో అడ్డొచ్చి ఆ బాకీ అలాగే ఉండిపోయింది. ఈసారి కొడుకుతో కలిసి తీర్చాలని, వాట్సాప్‌లో పెట్టే ఫోటోతో సహా ఊహించుకున్నాను.

వాడికి మాత్రం పెదనాన్న బండే లోకం. కుర్చీలూ షామియానాలూ మోసే చిన్న పెట్రోలు పికప్. జ్వరమొచ్చినట్టు వణుకుతోంది, ఇంజన్ లైటు కొట్టుకుంటోంది. "నాలుగు రోజుల్నుంచి మిస్సింగ్ సార్" అన్నాడు డ్రైవర్. లైటు ఆర్పే చిట్కా కూడా అతని దగ్గరే ఉంది: బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, కాసేపాగి బిగించడం.

మావాడు అడ్డం పడ్డాడు. లైటు నిలకడగా వెలగడం వేరు, కొట్టుకోవడం వేరట. కాలని పెట్రోలు, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి మండితే అది కూడా పోతుందట. పైగా టెర్మినల్ తీస్తే, లోపం ఎక్కడుందో బండి కంప్యూటర్ రాసిపెట్టుకున్న కోడ్ చెరిగిపోతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. నేను నోరెత్తలేదు. డాలస్‌లో నా కారుకి ఇదే పని చేసి పొగ చూసే ఎమిషన్ టెస్టుకి తీసుకెళ్తే, కంప్యూటర్ తన పరీక్షలు ఇంకా పూర్తి చేసుకోలేదని వెనక్కి పంపారు. ఆ రోజు వెనక సీట్లో ఉన్నది వీడే.

చాక్లెట్లకి చోటు చాలట్లేదని నేను సూట్‌కేసులోంచి రెండుసార్లు తీసేసిన, కోడ్ చదివే స్కానర్‌ని స్టీరింగ్ కింద సాకెట్‌కి తగిలించాడు. పి0303 వచ్చింది. మూడో సిలిండర్ మిస్ కొడుతోంది, అంటే అందులో పెట్రోలు సరిగ్గా మండట్లేదు. ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిల్‌ని, మూడోదానిది రెండోదానికి, రెండోదానిది మూడోదానికి మార్చి నడపాలి. కోడ్ 0302కి మారితే కాయిల్ పోయినట్టు. మారకపోతే ప్లగ్గో, ఇంజెక్టరో, లోపల కంప్రెషనో చూసుకోవాలి.

"అన్నా, ఒకటి ఎటు?" అని డ్రైవర్ని అడిగాడు. తెలుగులో!

"బెల్టు వైపు నుంచి లెక్క, బాబూ."

"ఒకటోది, రెండోది, మూడోది" అంటూ ఒక్కొక్క కాయిల్ మీదా వేలు పెట్టాడు. నాలుగేళ్ళు ఆదివారం తెలుగు క్లాసుకి లాక్కెళ్ళాను. ఇంట్లో "స్పీక్ ఇన్ తెలుగు!" అని ఇంగ్లీషులోనే అరిచేవాణ్ణి. 'మూడోది' అనే మాట వాడి నోట ఎన్నడూ వినలేదు.

పిల్లలకి భాష రావాలంటే ఏదైనా పని అప్పగించండి అని రాద్దామనుకున్నాను. కానీ ఈ పని నేను అప్పగించిందా? గరాజ్‌లో పాత లాన్‌మోవర్ విప్పినందుకు "మెకానిక్ అవుతావా?" అని వాణ్ణి తిట్టిందే నేను. మా నాన్న నన్ను తిట్టిన మాటే, ఇంగ్లీషులో. మాతృభాషలోంచి నేను భద్రంగా దాచి వాడికి అందించిన వాక్యం బహుశా అదొక్కటే.

అసలు వాడి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. వీసా రాకపోయి ఉంటే వీడు ఉప్పల్‌లోనే పెరిగేవాడు. అప్పుడైనా ఏ ఇంగ్లీషు మీడియంలోనో వేసి, తెలుగు మాట్లాడితే నేనే కసురుకునేవాణ్ణేమో.

చిలుకూరుకి ఒక్కణ్ణే వెళ్ళాను. అక్కడ చుట్టుకొక గడి కొట్టుకోవడానికి కార్డు ఉంటుంది. నలభై చుట్లు దాటాక దేవుడి మీద ధ్యాస పోయింది. కోడ్ మారిందా లేదా? 108 గళ్ళూ నిండాయి కానీ, మధ్యలో ఎక్కడో తిరక్కుండానే ఒక గడి కొట్టానని అనుమానం.

సాయంత్రం వచ్చేసరికి బండి నెమ్మదిగా, ఒకే శ్రుతిలో నడుస్తోంది. కోడ్ రెండోదానికి మారిందట. డ్రైవర్ వెనకాల బైక్ ఎక్కి రాణీగంజ్ వెళ్ళి కాయిల్ తెచ్చాడట. యాభై రూపాయలు బేరం కూడా ఆడాడని అన్నయ్య మురిసిపోతున్నాడు.

"అయిపోయిందా, నాన్నా?"

"అయింది" అన్నాను.

కొబ్బరి ముక్క చేతికివ్వబోయాను. వేళ్ళ నిండా మసి. నోరు తెరిచాడు.