డెబ్బై వేలా, తొమ్మిది వేలా: నా గిటార్ గొడవ

ఎనిమిదేళ్ల కిందట కొన్న నా సెమీ హాలో (సగం బోలు) గిటార్‌లో మెడ వైపు పికప్ (తీగల కదలికను కరెంటు సంకేతంగా మార్చే అయస్కాంతపు చుట్టు) మొదటి నుంచీ ముద్దగానే పలికేది. సన్న తీగల మీద పర్వాలేదు. లావు తీగల మీద కార్డు, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి, పట్టానంటే మాత్రం నీళ్లు ఎక్కువైన అన్నంలా స్వరాలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. ఆదివారాలు సికింద్రాబాద్‌లో మిత్రుడి మేడ మీది గదిలో నలుగురం కలిసి వాయిస్తాం. ఒకసారి ఫోనులో రికార్డు చేసి వింటే డ్రమ్స్ వినబడింది, బాస్ వినబడింది, కీబోర్డు వినబడింది. నేను వాయించిన చోట ఏదో ఒక బొయ్యిమనే మోత.

అదే అదనుగా మనసు కొత్త గిటార్ మీదకు పోయింది. లోపలంతా బోలుగా ఉండి, పైన వీణ బుర్రలా ఉబ్బెత్తుగా, కింద తీగలు ఆనే చెక్క బ్రిడ్జి ఉండే అసలైన హాలో బాడీ. ధర డెబ్బై వేలు. పాతదానికి మంచి పికప్ వేయిస్తే తొమ్మిది వేలతో పోతుంది. లెక్క ఇంత తేలిక కదా అనుకుంటారు, గిటార్ పిచ్చి లేనివాళ్లు. "ఉన్నది పలకడం లేదా నాన్నా?" అని అమ్మ అడిగితే "పలుకుతోంది కానీ..." అని నసిగాను. ఆ "కానీ" తర్వాత చెప్పడానికి నా దగ్గర మాట లేదు.

దుకాణానికి వెళ్లి ఆ హాలో బాడీని ఒళ్లో పెట్టుకున్నాను. శబ్దం పెంచే యాంప్ పెట్టకుండానే గది నిండా మోగింది. ఛాతీకి ఆనిన చెక్క కంపించడం తెలిసింది. ఆ క్షణంలో బిల్లు వేయమనేవాడినే. యాంప్‌కి కలిపి, మేడ మీద డ్రమ్స్ పక్కన ఎంత పెడతామో అంత పెంచాను. లావు తీగ మీద ఒక్క స్వరం మీటగానే యాంప్ కూత పెట్టింది. అరచేత్తో తీగలు నొక్కితే గానీ ఆగలేదు. యాంప్ శబ్దం డొల్ల పెట్టెను కదిలిస్తుంది, పెట్టె తీగల్ని కదిలిస్తుంది, తీగలు మళ్లీ యాంప్‌ని. గిబ్సన్ 1949లో తెచ్చిన ఈఎస్-175 పూర్తిగా బోలు గిటార్. అదే సంస్థ 1958లో ఈఎస్-335 తెచ్చినప్పుడు నడుమ మేపుల్ చెక్క దిమ్మె పెట్టింది ఈ కూత తగ్గించడానికే. అలాంటి దిమ్మె ఉన్న గిటార్ నా ఇంట్లో ఉంది. పది అడుగుల గదిలో, డ్రమ్స్ పక్కన, దిమ్మె లేనిదాని కోసం డెబ్బై వేలు పోయబోతున్నాను! ఒంటరిగా వాయించుకునేవాళ్లకైతే కళ్లు మూసుకుని అదే కొనమంటాను.

ఇంటికొచ్చి ముందుగా ఖర్చు లేని పని చేశాను. పికప్ పక్క మరలు తిప్పి, లావు తీగల వైపు కాస్త కిందికి దించాను. సగం ముద్ద విడిపోయింది. ఎనిమిదేళ్లలో ఒక్కసారీ ఆ మర ముట్టుకోనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. తర్వాత గిటార్‌కి వైరు తగిలించి, రెండో కొనకు మల్టీమీటర్ పెట్టి పికప్ చుట్టు నిరోధం చూస్తే పదమూడు కిలో ఓమ్‌ల పైన చూపించింది. యాభైల నాటి పద్ధతిలో చుట్టిన హంబకర్లు (జంట చుట్ల పికప్‌లు) ఏడెనిమిది దగ్గర ఉంటాయి. సన్నటి రాగి తీగ చుట్లు ఎంత పెంచితే అంత బిగ్గరగా మోగుతుంది, అంతగా పై స్వరాల మెరుపు పోతుంది. మెడ దగ్గర తీగ ఊపు పెద్దది, అక్కడ మంద్రం అసలే ఎక్కువ. అలాంటిచోట ఈ పికప్ పెట్టారు. ఇక ఆలోచించలేదు. మెడ వైపుకు మాత్రం ఆల్నికో 2 అయస్కాంతంతో, ఏడున్నర కిలో ఓమ్‌ల లోపు ఉన్నది తెప్పించాను.

బిగించడం దగ్గర అసలు కథ. సెమీ హాలోకి వెనక మూత ఉండదు. నాబుల కింద ఉండి శబ్దాన్ని సర్దే పాట్‌లు, జాక్, అన్నీ 'ఎఫ్' ఆకారపు సందులోంచే బయటికి తీయాలి, మళ్లీ అందులోంచే లోపలికి పంపి వాటి రంధ్రాల్లోకి రప్పించాలి. అమ్మ పూలు కట్టే దారం తీసుకుని ఒక్కో పాట్ కాడకు ఒక్కో దారం కట్టి, ఆ తర్వాతే లోపలికి తోశాను. దారం రెండో కొస పైన రంధ్రం దగ్గరే ఉంటుంది కాబట్టి, తిరిగొచ్చేటప్పుడు బావిలోంచి చేద లాగినట్టు లాగడమే. వైర్లు పొట్టివి, ఒకటి లాగితే నాలుగూ వచ్చాయి. పాట్ వీపు మీద టంకం కరగడానికి నా చిన్న సోల్డరింగ్ ఐరన్ వేడి చాలక, కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి అరవై వాట్లది కొనుక్కొచ్చాను.

రాత్రి పదకొండింటికి తీగలు బిగించి మీటాను. మెడ పికప్ అద్భుతం. దాన్నీ, బ్రిడ్జి వైపున్న పాత పికప్‌నూ కలిపే మధ్య స్థానంలో స్విచ్ పెడితే ముక్కు పట్టుకుని పాడుతున్నట్టు! కొత్తదాని చుట్టు పాతదానికి ఎదురు దిశలో ఉంది. ఒకటి పైకి తోస్తుంటే రెండోది కిందికి లాగుతోంది. తయారీదారులను బట్టి వైర్ల రంగుల అర్థం మారుతుందని తెలిసి కూడా సరిచూసుకోలేదు. మర్నాడు మళ్లీ దారాలు, మళ్లీ సందు, రెండు వైర్లు తారుమారు చేసి టంకం.

ఆ ఆదివారం రికార్డింగులో నా కార్డులో నాలుగు స్వరాలూ విడివిడిగా వినబడ్డాయి. డ్రమ్స్ వాయించే మిత్రుడు మాత్రం "కొత్త తీగలు వేశావా?" అన్నాడు. దుకాణంలో ఛాతీకి తెలిసిన ఆ కంపనం పికప్‌తో రాదు, రాలేదు. అటువైపు వెళ్లినప్పుడల్లా దాన్ని ఒళ్లో పెట్టుకుని కాసేపు వాయించి వస్తున్నాను.

రెండోసారి విప్పినప్పుడు ఒక వాషర్ లోపల పడింది. హుండీలోంచి రూపాయి బిళ్ల రాల్చినట్టు తలకిందులు చేసి ఎంత ఊపినా రాలేదు. సంచిలోంచి గిటార్ తీసిన ప్రతిసారీ ఒకసారి గలగలమంటుంది.