చెప్పక మానలేదు

"నేను ఓర్చి యోర్చి విసికియున్నాను, చెప్పక మానలేదు." బైబిల్లో యిర్మీయా ప్రవక్త గ్రంథం 20:9 ఈ మాటలతో ముగుస్తుంది. సువార్త సభల బ్యానర్ల మీద ఈ వాక్యం నాకెప్పుడూ కనబడలేదు. అక్కడ వేసేవన్నీ పంట కోత వాక్యాలు, తలుపులు తెరుచుకునే వాక్యాలు. ఇదేమో విసిగి వేసారిన మనిషి మాట. అందుకేనేమో నాకు దీని మీద మమకారం ఎక్కువ.

ఈ మాట ఎప్పుడు అన్నాడో చూడండి. పషూరు అనే యాజకుడు, అదీ మందిరానికి పెద్ద నాయకుడు, యిర్మీయాను కొట్టి, కాళ్లు బిగించే కొయ్య బొండలో వేయించాడు. మర్నాడుగానీ విడిపించలేదు. బయటివాళ్లెవరో కాదు, గుళ్లో పెద్దమనిషే ఆ పని చేశాడు. ఆ తర్వాత వచ్చే ప్రార్థనలో స్తోత్రం కంటే ఫిర్యాదే ఎక్కువ. "నేను దినమెల్ల నవ్వులపాలైతిని" అని ఏకంగా దేవుడినే నిలదీస్తాడు. ఇక ఆయన పేరెత్తను, ఆ ఊసే వద్దు అనుకుంటాడు. అనుకున్నాక నిమ్మళంగా ఉందా అంటే లేదు, ఎముకల్లో నిప్పు పెట్టినట్టు ఉంది. చెబితే ఎగతాళి, చెప్పకపోతే మంట. జనం వింటున్నారు కాబట్టి చెప్పలేదాయన. ఊరుకోవడం చేతగాక చెప్పాడు.

గుంటూరు బస్టాండు దగ్గర శనివారం సాయంత్రాలు కరపత్రాలు పంచేవాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది. ఎక్కువమంది చెయ్యి అడ్డంగా ఊపి వెళ్లిపోతారు. కొందరు మొహమాటానికి తీసుకుంటారు. ఒక పెద్దాయన నా చేతిలోంచి కరపత్రం అందుకుని రెండడుగులు వేసి, బండి దగ్గర ఆగి, దాన్నే పొట్లంగా చుట్టి వేయించిన వేరుశనక్కాయలు పోయించుకున్నాడు. "దేవుడు లోకమును ఎంతో ప్రేమించెను" అన్న అక్షరాలు పొట్లానికి బయటివైపే ఉన్నాయి. కాయలు వొలుచుకుంటూ మంగళగిరి బస్సెక్కాడు. కోపం రావాలో నవ్వాలో తెలియలేదు. ఇప్పటికైతే నవ్వే వస్తోంది. బస్సులో పొద్దుపోక చదివాడేమో, ఎవరికి తెలుసు!

ఇళ్లకు వెళ్లినప్పుడు వేరే రకం. "మీ దేవుడు మీకు, మా దేవుడు మాకు. ఎవరైనా ఒకటేలే అమ్మా, కూర్చో, కాఫీ తాగి వెళ్దువుగానీ" అంటారు పిన్నిగార్లు. మా స్త్రీల సమాజంలో చాలామంది డీలా పడేది తిట్టినవాళ్ల దగ్గర కాదు, ఇదిగో ఇక్కడే. తిడితే కనీసం శ్రమ పడ్డామన్న తృప్తి ఉంటుంది. ఈ కాఫీతో ఏం చెయ్యాలో తెలీదు.

తాగాలి. అంతే. ఆవిడ మన మాట చివరిదాకా విన్నది, తన మనసులో ఉన్నది దాచుకోకుండా చెప్పింది, పైగా ఇంట్లో కూర్చోబెట్టింది. అంతకంటే మర్యాద ఏముంటుంది? ఆ రోజుకి సంచీలోంచి ఇంకో పుస్తకం తీయకండి. మోకాళ్ల నొప్పి ఎలా ఉందో, అమెరికాలో ఉన్న మనవడికి మాటలొచ్చాయో లేదో అడగండి. అదికూడా మళ్లీ వాక్యంలోకి దింపడానికి కాదు సుమా. ఆవిడ గురించి తెలుసుకోవడానికే.

మనవాళ్లకు రాజ్యాంగంలో ఆర్టికల్ 25 కంఠతా వచ్చు. మత ప్రచారం మన హక్కు, నిజమే. అయితే ప్రచారం చేసుకునే హక్కు అంటే ఎదుటివాళ్లను మతం మార్చే హక్కు కాదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పంటే మనలో చాలామందికి గుర్రు. నాకు మాత్రం అందులో బాధపడాల్సింది పెద్దగా కనబడదు. "నేను నాటితిని, అపొల్లో నీళ్లుపోసెను, వృద్ధి కలుగజేసినవాడు దేవుడే" అని కొరింథువాళ్లకు రాసినప్పుడు అపొస్తలుడు పౌలు మనుషుల్ని మార్చే పనిని ఏ మనిషికీ అప్పజెప్పలేదు. మన పని కానిదాన్ని నెత్తికెత్తుకుని, అది జరగలేదని టెన్షన్ పడటం ఎందుకు?

ఇంకో ప్రశ్న ఉంది, అది గట్టిగానే గుచ్చుకుంటుంది. "మనిషికి ఎంతిస్తున్నారేంటి మీకు?" దీనికి కోపంతో జవాబు చెప్పేముందు ఒంగోలు సంగతి గుర్తు తెచ్చుకోండి. 1876-78 కరువులో జాన్ క్లౌ అనే బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో అల్లాడుతున్నవాళ్లకు కూలి పని చూపించాడు. ఆ నెలల్లో బాప్తిస్మం కావాలని ఎంతమంది అడిగినా ఇవ్వలేదు. గింజల కోసం సంఘంలో కలిశారన్న మాట రాకూడదని. కరువు పనులు ముగిశాకే, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. మనల్ని అనుమానించేవాళ్లు అడిగే ప్రశ్నను ఆయన ముందుగానే తనకు తాను వేసుకున్నాడు.

ఆ 2,222 అంకె ఎత్తని ప్రసంగీకుడు మన జిల్లాల్లో లేడు. నన్నడిగితే అంతకంటే పెద్ద అంకె ఐదు. 1836లో అమెరికా బాప్టిస్టులు మొదలుపెట్టిన ఆ తెలుగు మిషన్‌కు చూపించుకోవడానికి పెద్దగా ఫలితం లేకపోయేసరికి, 1853లో అమెరికాలో దాన్ని మూసేద్దామా అనే చర్చ వచ్చింది. పటంలో ఒంటరిగా ఉన్న ఆ మిషన్‌కి 'ఒంటరి నక్షత్రం' అని పేరు పడింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ఐదుగురు ప్రార్థన చేశారు. మిషనరీలైన జ్యూయెట్ దంపతులు, ఇక్కడివాళ్లయిన నర్సు, జూలియా, రూతు. ఒంగోలుకు ఒక మనిషిని పంపమని అడిగారు. క్లౌ ఆ ఊరు వచ్చేసరికి 1866 అయింది.

ఓపిక పడితే మనకూ ఒక జులై 3 వస్తుందని చెప్పడానికి ఈ కథ ఎత్తుకోలేదు. యిర్మీయాకు రాలేదు. 25వ అధ్యాయంలో ఆయనే అంటాడు, 23 ఏళ్లుగా చెబుతున్నా మీరు వినలేదని. ఆ తర్వాతా వినలేదు. యెరూషలేము పట్టణం కాలిపోయింది, ఆయన్ని ఐగుప్తుకు, అంటే ఈజిప్టుకు, లాక్కుపోయారు.

అలాగని పదేపదే ఒకే పని చేయడమే పట్టుదల అనుకోనక్కర్లేదు. గుంటూరులో లూథరన్ మిషన్ పని ప్రారంభించిన ఫాదర్ హయ్యర్ 1842 జులై 31న ఈ ఊరు చేరేటప్పటికే 49 ఏళ్లవాడు. 1846లో ఆరోగ్యం చెడి వెనక్కి అమెరికా వెళ్లాడు. వెళ్లి ఏం చేశాడు? వైద్యం చదువుకున్నాడు. డాక్టరై తిరిగొచ్చాడు. జనానికి ఏం కావాలో కళ్లారా చూసినవాడు కాబట్టి. ఆ తర్వాత 1869లో, రాజమండ్రి పనిని ఇంకో మిషన్‌కి ఒప్పజెప్పేద్దామని అమెరికాలోని పెద్దలు అనుకుంటుంటే, నేను వెళ్తానని 76 ఏళ్ల వయసులో మూడోసారి ఓడెక్కాడు. మన సంఘాల్లో అరవై దాటగానే "ఇక నా వల్ల కాదు" అనేవాళ్లకు, నాతో సహా, ఈ ముసలాయన కొంచెం ఇబ్బందికరమైన మనిషే.

వీలైతే ఈ వారం యిర్మీయా 36 నుంచి 39 దాకా ఒక్క బిగిన చదవండి. 36లో చలికాలం, రాజు ముందు కుంపటి రగులుతోంది. యిర్మీయా మాటలు రాసిన గ్రంథపు చుట్ట మూడు నాలుగు పుటలు చదివి వినిపించేసరికి రాజు చాకుతో ఆ ముక్క కోసి నిప్పులో పడేస్తాడు. అలా మొత్తం కాల్చేస్తాడు. యిర్మీయా ఇంకో చుట్ట తెప్పించి, తన లేఖకుడు బారూకు చేత మొదటినుంచీ మళ్లీ రాయిస్తాడు. ముందు లేని మాటలు కూడా కొన్ని కలుపుతాడు. అది చదివితే పొట్లం కట్టిన కరపత్రం గురించి పెద్దగా బెంగ ఉండదు.

38లో బురద గోతిలో దిగబడిన యిర్మీయాను పైకి లాగింది కూషుదేశస్థుడైన ఎబెద్మెలెకు, రాజు ఇంట్లో కొలువు చేసుకునే పరాయి దేశపు మనిషి. చంకలు తాడుకు కోసుకుపోకుండా పాత గుడ్డలు దింపి, వాటిని తాళ్ల కింద పెట్టుకోమని పైనుంచి చెబుతాడు. యిర్మీయా మాట అతని చెవిన ఎప్పుడు పడిందో గ్రంథంలో ఎక్కడా లేదు. 39 చివర్లో దేవుడు అతనికి పంపిన కబురు మాత్రం ఉంది: నువ్వు నన్ను నమ్ముకున్నావు కాబట్టి నిన్ను తప్పిస్తాను అని. ఆ కబురు తీసుకెళ్లమని చెప్పింది యిర్మీయాకే.