అల అడుగున ఇసుక ఎటు పోతుంది?

అల కింద, సముద్రపు అడుగున, నీరు ఒడ్డు వైపు ఎంత దూరం వస్తుందో ఇంచుమించు అంతే దూరం తిరిగి లోపలికి పోతుంది. రాకపోకలు ఇలా చెల్లుకు చెల్లు అయినప్పుడు ఇసుక కూడా ఉన్నచోటే ఉండాలి. అయినా తుఫానుకు కోసుకుపోయిన తీరం ఆ తర్వాతి ప్రశాంతమైన నెలల్లో నెమ్మదిగా మళ్లీ మేట వేసుకుంటుంది. ఈ లెక్క ఎక్కడ తేడా కొడుతుందన్నది నాకు చాలాకాలంగా ఆసక్తి కలిగించే విషయం.

ఎనిమిది సెకన్లకొకటి చొప్పున వచ్చే అల లోతైన సముద్రంలో దాదాపు 100 మీటర్ల పొడవు ఉంటుంది. లోతు అందులో సగానికి, అంటే 50 మీటర్లకు తగ్గినప్పటి నుంచి దానికి అడుగు తగలడం మొదలవుతుంది. ఉపరితలం దగ్గర గుండ్రంగా తిరిగే నీరు కిందికి పోయేకొద్దీ అణిగి, అడుగున కేవలం ముందుకూ వెనక్కూ ఊగుతుంది. నదిలో నీరు ఒకే దిశలో పారుతుంది కాబట్టి అడుగు రాపిడి ప్రభావం పైదాకా పాకుతుంది. ఇక్కడ నాలుగేసి సెకన్లకు దిశ మారిపోవడం వల్ల అది కొద్ది సెంటీమీటర్ల పొరకే పరిమితమవుతుంది. పొర పలచనైన కొద్దీ రాపిడి పెరుగుతుంది కనుక, అదే వేగంతో పారే నది కదల్చలేని ఇసుకను సైతం అల కదల్చగలదు.

కదిలిన ఇసుక ముందుగా చేసే పని మడతలుగా ఏర్పడటం. నది ఇసుకలో మడత ఒక వైపు ఏటవాలుగా, మరో వైపు నిటారుగా ఉంటుంది. అల చేసిన మడత రెండు వైపులా ఒకేలా ఉండి, కొన పదునుగా ఉంటుంది. గాజు తొట్టెలలో నీటిని ఊగించి ఈ మడతల పుట్టుకను పరిశీలించిన బ్రిటిష్ శాస్త్రవేత్త హెర్తా అయర్టన్ 1904లో లండన్ రాయల్ సొసైటీలో తన పత్రాన్ని తానే చదివారు. అక్కడ అలా చదివిన తొలి మహిళ ఆమె. వివాహిత అన్న కారణంతో అంతకు రెండేళ్ల ముందు అదే సంస్థ ఆమెకు సభ్యత్వం నిరాకరించింది! 1946లో ఇసుక కదలికలపై పరిశోధనలు చేసిన బ్రిటిష్ శాస్త్రవేత్త బాగ్నాల్డ్ ఇదే విషయాన్ని తిరగేసి, నిశ్చలమైన నీటిలో ఇసుక పరిచిన అడుగునే ఊగించి చూశారు.

అసలు కిటుకు మడత వెనుక పుట్టే సుడిలో ఉంది. నీరు ఒడ్డు వైపు సాగుతున్నంతసేపూ మడతకు అవతలి పక్కన సుడి తిరుగుతూ ఇసుకను పోగుచేసుకుంటుంది. నీరు దిశ మార్చుకోగానే ఆ సుడి మడత మీదుగా పైకి లేచి, తనలోని ఇసుకతో సహా సముద్రం వైపు కొట్టుకుపోతుంది. 0.2 మిల్లీమీటర్ల రేణువు నీటిలో సెకనుకు రమారమి రెండు సెంటీమీటర్ల చొప్పున దిగుతుంది. పది సెంటీమీటర్లు లేచినది అడుగు చేరడానికి అయిదు సెకన్లు కావాలి. ఆలోగా నీరు వెనుదిరిగి పోనే పోతుంది. అంటే ఒడ్డు వైపు ఊపు లేపిన ఇసుకను లోపలి వైపు ఊపు ఎత్తుకుపోతుందన్నమాట. ముతక ఇసుక అంత ఎత్తుకు లేవదు గనుక దాని ప్రయాణం చాలావరకు ఒడ్డు వైపే.

లోతు తగ్గేకొద్దీ అల శిఖరం కురుచగా, నిటారుగా, పల్లం పొడవుగా మారుతుంది. ఒడ్డు వైపు ఊపు కొద్దిసేపే అయినా వేగంగా ఉంటుంది. తిరుగు ఊపు ఎక్కువసేపు సాగినా మందకొడిగా ఉంటుంది. రాపిడి వేగంతో పాటు కాక, దాదాపు దాని వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఆ కొద్దిసేపటి విసురుకే బలమెక్కువ. అల మరీ ఉధృతమైతే మడతలే చెరిగిపోయి, ఇసుక పై పొర మొత్తం దుప్పటిలా జరుగుతుంది. విరిగే అలల దగ్గర మాత్రం అడుగునుంచి వెనక్కి లాగే ప్రవాహం జోరందుకుని ఇసుకను లోపలికి తీసుకుపోతుంది. తుఫానులో తీరం కోతకు గురయ్యేది ప్రధానంగా ఇందువల్లే.

తీరం వెంబడి పారే ప్రవాహం ఒంటరిగా అంత ఇసుకను లేపలేదు. అల లేపి పెడితే అది మోసుకుపోతుంది. విశాఖలో నైరుతి రుతుపవనాల అలలు ఇసుకను ఉత్తరంగా నడిపిస్తాయి. రేవు గోడలు దాన్ని దక్షిణాన ఆపేయడంతో, అక్కడ తవ్విన ఇసుకను ఉత్తరాన ఉన్న రామకృష్ణా బీచ్‌కు తెచ్చి పోయవలసి వస్తోంది.