చాసీ లోపలి పసుపు రంగు

ఆదోనిలో మా జేజినాయన కట్టిన పత్తి జిన్నింగు మిల్లు మూతపడి 20 ఏళ్ళు దాటింది. పోయిన వేసవిలో స్థలానికి బేరం కుదిరింది. మిషన్లన్నీ పాత ఇనుము కింద పోయాయి. ఆఖరుకు మిగిలింది వెనక రేకుల షెడ్డులోని లారీ. లారీ అనడమే గానీ బానెట్టు లేదు, రేడియేటరు లేదు, క్యాబిన్ చెక్కలు ఎప్పుడో పొయ్యిలోకి పోయాయి. ఒక చాసీ, అంటే బండినంతా మోసే ఇనుప చట్రం, దాని మీద ఇంజను, కింద ఇరుసులు, చెదలు తిన్న చెక్క చక్రాలు, అంతే. ఇంట్లో అందరూ దాన్ని ‘బొగ్గుబండి’ అనేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు రేషన్ వచ్చినప్పుడు బొగ్గు గ్యాసు డ్రమ్ము కట్టుకుని నడిచిందట. కంపెనీ ఏదంటే మాత్రం తలా ఒక పేరు చెప్పేవాళ్ళు.

చిన్నాయనది ‘షెవర్లే’ అని ఒకటే పట్టు. ఆయన్ను తప్పు పట్టలేం. 1928 నుంచి బొంబాయి సేవ్రీలో జనరల్ మోటార్స్ వాళ్ళు బండ్లు బిగించి అమ్మారు, మన వైపు పాత లారీ అంటే అందరికీ ముందు గుర్తొచ్చేది అదే. కానీ షెవర్లే లారీ ఇంజనుకు వాల్వులు పైన హెడ్డులో ఉంటాయి. దీనికి బ్లాకు పక్కన ఉన్నాయి.

మడ్డి గీకితే ఇంజను మీద ‘కాంటినెంటల్’ అని పోత అక్షరాలు బయటపడ్డాయి. ఇంకేం, దొరికిపోయిందనుకున్నా. రెండు వారాలు రాత్రిళ్ళు కూర్చుని ఆ పేరుతో లారీ కోసం వెతికా. తీరా చూస్తే అది అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఇంజన్ల కంపెనీ, పదుల కొద్దీ లారీ కంపెనీలకు ఇంజన్లు అమ్మేది. అంతటితో ఆగక స్టీరింగు పెట్టె కడిగితే ‘రాస్’ అని ఉంది, కార్బురేటరు మీద ‘స్ట్రాంబర్గ్’. చిన్నాయన కుర్చీలోంచే నవ్వి, “ఇది బండేనా, ఆదోని సంతనా?” అన్నాడు.

నిజానికి సంతే. 1910ల అమెరికాలో చిన్న లారీ కంపెనీలు చాలా వరకు సొంతంగా ఏదీ పోతపోసేవి కావు. ఇంజను ఒకరి దగ్గర, గేరుపెట్టె ఒకరి దగ్గర, ఇరుసు ఇంకొకరి దగ్గర కొని చాసీ మీద బిగించేవి. కాబట్టి భాగం మీద కనిపించేది భాగం చేసినవాడి పేరే. బండి పేరుండేది రేడియేటరు మీద, డ్యాష్ మీద రేకు మీద. మాకు ఆ రెండూ లేవు.

బండి అమెరికాదే అని తేల్చింది మాత్రం మా మేస్త్రీ. 70 దాటిన మనిషి. మూడు రకాల పానాలు తెచ్చాడు. ఎం.ఎం. పానాలు ఎలాగూ పట్టవు. పాత ఇంగ్లండు బండ్లకు వాడే విట్‌వర్త్ పానా ఒక్కో బోల్టుకూ పెట్టి చూసి, “లూజు ఉందప్పా, ఇంగ్లీషోళ్ళది కాదు” అన్నాడు. అమెరికా బండ్లకు వాడే ఇంచి పానా అతికినట్టు కూర్చుంది. పది నిమిషాల పని. నా రెండు వారాలు తలుచుకుంటే సిగ్గేసింది.

అసలు గుట్టు వెనక ఇరుసులో ఉంది. మామూలుగా బరువు మోసేదీ చక్రాన్ని తిప్పేదీ ఒకే హౌసింగులో, అంటే ఒకే ఇనుప గూడులో ఉంటాయి. ఇక్కడ బరువంతా ఒక గట్టి ఉక్కు దూలం మీద. దాని పక్కనే వేరే సన్నటి షాఫ్టు, దాని రెండు కొసలా చిన్న గేర్లు. ఆ గేర్లు చక్రం డ్రమ్ము లోపలి పళ్ళకు పట్టి తిప్పుతాయి. మేస్త్రీ డ్రమ్ము విప్పి కాసేపు మాట్లాడలేదు. ఆయన కూడా అలాంటిది చూడలేదట. హౌసింగు మీద పేరు ‘టార్బెన్సెన్’.

ఈసారి పేరు చూసి గంతులేయలేదు, ఆ ఇరుసులు ఎవరెవరు కొన్నారో చూశా. టార్బెన్సెన్ 1911లో మొదలైన ఇరుసుల కంపెనీ, ఇప్పటి ఈటన్ అనే పెద్ద కంపెనీకి మూలం అదే. దాని అతిపెద్ద ఖాతాదారు మిషిగన్‌లోనే ఆల్మా అనే చిన్న ఊరి రిపబ్లిక్ మోటార్ ట్రక్ కంపెనీ. ఎంత పెద్దదంటే, 1917లో ఆ ఇరుసుల కంపెనీనే కొనేసింది. 1913లో పుట్టిన రిపబ్లిక్ మొదటి ప్రపంచ యుద్ధం నాటికి లారీలు మాత్రమే చేసే కంపెనీల్లో పెద్దవాటిలో ఒకటి. 1929లో ఇంకో కంపెనీలో కలిసిపోయింది. నేనైతే ఆ పేరే వినలేదు.

పాత లారీలు సేకరించే ఒక అమెరికా పెద్దాయనకు ఫోటోలు పంపా. ఒక్క ముక్కలో జవాబు: చాసీ లోపలి వైపు గీకి ఏ రంగుందో చెప్పు.

డీజిలు, వైరు బ్రష్షు పట్టుకుని కిందికి దూరా. నల్ల తారు, దాని కింద రెడ్ ఆక్సైడు, దాని కింద పసుపు. మిల్లు గేటుకేసిన రంగేమో అన్నాడు చిన్నాయన. కానీ గేరుపెట్టె వెనక అడ్డపట్టీ సందులో, మా పెయింటరు కుంచె ఎన్నడూ దూరని చోట కూడా అదే పసుపు. పెద్దాయనకు చెప్తే, రిపబ్లిక్ వాళ్ళు తమ బండ్లను ‘పసుపు చాసీ లారీలు’ అనే ప్రకటించుకునేవారని రాశాడు. ఇంకో రెండు ఫోటోలు అడిగి, అడ్డపట్టీల వరస, కమాన్ కట్టల బ్రాకెట్లు పోల్చి, అదే అని ఖాయం చేశాడు.

లారీని ఎమ్మిగనూరులో మా ఇంటి దొడ్లోకి తెచ్చాం. క్రేను బాడుగ గురించి మా ఆవిడ ముందు ఎత్తకపోవడం మంచిది. మొన్న పాత ఇనుము వ్యాపారి మళ్ళీ ఫోన్ చేశాడు. చిన్నాయన నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, “అది రిపబ్లిక్ అప్పా, కేజీల లెక్కన ఇయ్యం” అని పెట్టేశాడు.